సుగ్గికి పోయినవాళ్లు

నవంబరు 19, 2024. కర్నూలు

కార్తీకం. వార్డులో మూలమంచం మీది మనిషి మెడలో తులసిమాల. మాల వేసుకున్న పొద్దు నుంచి చుక్క ముట్టలేదు. రెండో రాత్రి చేతులు వణికాయి. మూడో రోజుకు దుప్పటి మీద పురుగులు పాకుతున్నాయని ఒకటే దులపడం. ఇంట్లోవాళ్లు స్వామి పూనాడేమో అనుకొని ముందు గురుస్వామి దగ్గరికే తీసుకుపోయారట.

ఏళ్ల తరబడి రోజూ తాగిన ఒంటికి మందు ఒక్కసారిగా ఆగితే రెండు మూడు రోజుల్లో ఇట్లా మతి తప్పుతుంది. ఫిట్స్ రావచ్చు, ప్రాణమే పోవచ్చు. వేళకు లోరజెపామ్, థయమిన్ పడితే చాలామంది గట్టెక్కుతారు. గ్లూకోజు ఎక్కించే ముందే థయమిన్ పడాలి, లేకపోతే జ్ఞాపకశక్తి శాశ్వతంగా దెబ్బతినవచ్చు. పల్లెల్లో అలసటకని గ్లూకోజు ఎక్కించే ప్రతి ఆర్ఎంపీకీ ఈ ముక్క తెలియాలి.

నలభై ఒక్క రోజులు మానగలను అన్న ధైర్యం ఎందరికో ఈ అయ్యప్ప దీక్షే ఇస్తోంది. ఆ ధైర్యం చిన్నది కాదు. రోజూ తాగేవాళ్లను మాల వేసే ముందు ఒకసారి ఆసుపత్రికి పంపమని గురుస్వాములకు ఎవరైనా చెప్పారా? వాళ్లు వినరని నేననుకోను.

డిసెంబరు 3

తాగుడు తీవ్రతను కొలిచే ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆడిట్ ప్రశ్నావళిలో పది ప్రశ్నలు. రెండోది: తాగిన రోజు ఎన్ని డ్రింకులు? డ్రింకు అంటే పది గ్రాముల ఆల్కహాలు. 180 మిల్లీలీటర్ల క్వార్టరు, 42.8 శాతం: లెక్కేస్తే అరవై గ్రాములు. ‘ఒక్క క్వార్టరే సార్’ అన్న మనిషి ఆరు డ్రింకులు తాగినట్టు. కర్ణాటక నుంచి దొంగతనంగా వచ్చే తొంభై ప్యాకెట్టు మూడు. మరి నాటుసారా? బెల్లం ఊట ఎంత పులిసింది, ఎన్ని నీళ్లు కలిపారు, ఎవరికి తెలుసు! పత్తికొండ వైపు తండాలో ఒకామె ఇంట్లోంచి స్టీలు గ్లాసు తెచ్చి ముందు పెట్టింది. సొట్టపడిన గ్లాసు, అంచు దగ్గర పెళ్లినాటి పేర్లు చెక్కి ఉన్నాయి. నీళ్లు పోసి సిరంజితో కొలిచాం: 160. ‘పొద్దున ఒకటి, పొలం నుంచి వచ్చినాక రెండు’ అంది. ఏ కాగితం మీదా లేని జవాబు అది. అట్లాగే రాసుకున్నాం.

డిసెంబరు 21. కోసిగి

సుగ్గి. వీధి వీధంతా తాళాలు. పత్తి తీయను, మిరపకాయలు కోయను జనం గుంటూరు దిక్కు పోయారు. అరుగు మీద ఒక అవ్వ, ఆమె చుట్టూ నలుగురు మనవళ్లు.

‘మీ కొడుకు ఏ ఊర్లో ఉండాడవ్వా?’

‘యాడని సెప్పేది నాయనా, మేస్త్రీ యాడ దింపితే ఆడ.’

మా పరిశోధనలో చేరినవాడు, మూడు నెలల తర్వాత మళ్లీ చూడాల్సిన మనిషి అతను. ఫారంలో ‘అందుబాటులో లేరు’ అన్న గడిలో టిక్కు పెట్టాలి.

రాత్రి గోవా పరిశోధన మళ్లీ తీశాను. లాన్సెట్, 2017. పది ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలు, 377 మంది మగవాళ్లు. మాట్లాడించింది డాక్టర్లు కారు, శిక్షణ ఇచ్చిన మామూలు మనుషులు; మహా అయితే నాలుగు విడతలు. మూడు నెలలకు ఆ మాటసాయం అందినవాళ్లలో 36 శాతం ప్రమాదపు తాగుడు నుంచి బయటపడ్డారు, అందనివాళ్లలో 26. ఆ తర్వాతి నివేదికలో ఏడాదికి 54, 32. ఇంత తక్కువ ఖర్చుతో ఇంత మేలు! చదివినప్పుడల్లా మనసు ఊరుకోదు, మన పీహెచ్‌సీల్లో ఎందుకు లేదని.

కానీ అక్కడ తీసుకున్నది ఆడిట్ స్కోరు 12 నుంచి 19 మధ్యవాళ్లనే. వణుకు దాకా వచ్చినవాళ్లు అందులో లేరు. ఆడవాళ్లూ లేరు. మూడు నెలలకు పదిమందిలో తొమ్మిదిమంది దాకా మళ్లీ దొరికారు. కోసిగిలో ఎంతమంది దొరుకుతారు? దొరికినవాళ్ల లెక్కతో వైద్యం పనిచేసిందని తేలుస్తాం. ఊరు విడిచి పోక తప్పనివాళ్లు ఆ లెక్కలో పలచబడతారు. వాళ్లకే అప్పు ఎక్కువ, తాగుడు ఎక్కువ, ఆసుపత్రి దూరం.

జనవరి 17, 2025

మాలలు తీసేశారు. మూలమంచం ఆయన ఫోను ఎత్తడం లేదు.

మద్యం దుకాణాల చరిత్ర మనకు కంఠోపాఠం. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా మీద లేచారు. 1993లో సారా నిషేధం, 1995లో సంపూర్ణ నిషేధం, 1997లో సడలింపు. 2019 అక్టోబరులో సర్కారు దుకాణాలు, పోయిన అక్టోబరులో మళ్లీ ప్రైవేటువి. తాగేవాడికి ఆసుపత్రిలో పడక ఎక్కడ అన్న ప్రశ్న మాత్రం ఏ ఎన్నికల సభలోనూ వినలేదు.

ఫిబ్రవరి 9. ఆత్మకూరు

నల్లమల అంచున చెంచుగూడెం. అంగీకార పత్రం చదివి వినిపించాం. చదువురాని మనిషి వేలిముద్ర వేస్తే, పరిశోధనతో సంబంధం లేని సాక్షి సంతకం పెట్టాలని ఐసీఎంఆర్ నియమం. మంచి నియమం. గూడెంలో సంతకం చేయగలిగి ఆ పూట ఇంట్లో ఉన్నది ఒక్కడే, చేతి అప్పులిచ్చే అంగడాయన. అతని ఎదుట వేలిముద్ర వేసే మనిషి ‘ఇష్టం లేదు’ అనగలడా? ఆ పూట సంతకాలు తీసుకోలేదు. హాస్టల్లో ఇంటరు చదివే పిల్ల సెలవులకు వచ్చినప్పుడు మళ్లీ వెళ్దాం.

మార్చి 14. కడప

రంజాను. పెద్ద దర్గా వీధిలో ఒకామె బురఖా ముసుగు కొంచెం తొలగించి, గొంతు బాగా తగ్గించి అడిగింది: ‘ఈ నెల ముట్టడు భాయ్. పండగ అయితే మళ్లా మొదలు. మాన్పించే బిళ్ల ఉందంట కదా, సేమియాలో కలిపేస్తా. తెలీదు ఆయనకు.’

డైసల్ఫిరామ్. తెలియకుండా పెట్టొద్దు తల్లీ, దాని మీద తాగితే గుండె మీదికి వస్తుందని చెప్పాను. తల ఊపింది. ‘మరి ఆయన్ని ఆసుపత్రికి ఎట్లా రప్పించేది? మా వాడలో తెలిస్తే పిల్లకు సంబంధం రాదు.’ 14416 రాసిచ్చాను. టెలిమానస్, మానసిక సమస్యలకు ఫోనులో సలహా ఇచ్చే సర్కారు నంబరు. ఆ చీటీని రవికలో దోపుకుంది.

ఎయిమ్స్ చేసిన 2019 నాటి దేశవ్యాప్త సర్వేలో, మద్యానికి బానిసైన ప్రతి 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక వైద్యసాయం అందింది. తాగుడు జబ్బు బాగా ఎక్కువున్న రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. మిగతా ముప్పై ఏడు మందిలో ఈమె మొగుడి లాంటివాళ్లు ఎంతమందో. వైద్యం తమ వీధికి తెలియకుండా జరగాలని కోరేవాళ్లకు ఏ పద్ధతి పనికొస్తుందో, అది పరిశోధించాలి ముందు.

ఏప్రిల్ 28. కోసిగి

అవ్వ కొడుకు వచ్చాడు. మిరప ఘాటుకు వేళ్లు పొట్టు లేచి ఉన్నాయి. అక్కడ సాయంత్రం మేస్త్రీయే క్వార్టరు ఇప్పిస్తాడట, కూలి లెక్కలో పట్టుకుంటాడట. ‘నొప్పులకు సార్, అది లేకుంటే తెల్లారి వంగలేం.’

రాసుకోవాల్సింది ఇదే కదా! జీతం లెక్కలో కలిసిన మందును నాలుగు మాటలతో మాన్పించలేం. వచ్చే ఏడు మనమే గుంటూరు దిక్కు పోవాలి. మేస్త్రీల ఫోన్లు, చేలగట్టున వేసుకునే గుడిసెల జాడ ముందే తీసుకోవాలి. ఎథిక్స్ కమిటీకి కొత్త ప్రొటోకాల్ జూన్‌లోగా పంపాలి. దసరా తర్వాత చేర్చుకుంటే మూడు నెలల చూపు సంక్రాంతి దగ్గర పడుతుంది.

అతన్నే అడిగాను, ఎప్పుడొస్తే తీరిగ్గా మాట్లాడొచ్చని.

‘కనుమ నాడు రాండి సార్. కోత ఉండదు. మేస్త్రీ ఊరికి పోతాడు.’