అవ్వ అడకత్తెర

తిరుపతి నుంచి చెన్నైకి పోయే దారిలో పుత్తూరు ఉన్నది. "పుత్తూరు కట్టు" అన్న మాట వినని వారు మా చిత్తూరు సీమలో అరుదు. ఆకు పసరూ, కోడిగుడ్డు తెల్లసొనా పట్టించి, వెదురు బద్దలు పెట్టి గుడ్డతో చుట్టేస్తారు. మా అన్న చింతచెట్టు మీద నుంచి పడి ముంజేయి విరగగొట్టుకున్నప్పుడు ఆ కట్టుతోనే అతుక్కున్నది.

అందుచేత 1994లో మా అవ్వ పెరట్లో జారిపడినప్పుడు, "నన్ను పుత్తూరికి తీసుకుపోండిరా!" అన్నది. ఎక్స్‌రే చూసిన డాక్టరు మాత్రం, "అవ్వా, తుంటి దగ్గర తొడ ఎముక మెడ విరిగింది. కట్టుతో నిలవదు, మరలు బిగించాలి," అన్నాడు.

"చేతికి నిలిచిన కట్టు కాలికి నిలవదా, నాయనా?" అన్నది అవ్వ కోపంగా.

డాక్టరు నవ్వి, అవ్వ వక్కాకు సంచీలోంచి అడకత్తెర తీశాడు. వక్కను వేళ్ళ నడుమ పెట్టి నొక్కితే చెక్కు చెదరదు. అడకత్తెరలో పెడితే టక్కున తెగుతుంది. పిడి పొడవు వల్ల బలం కలిసిరావటం ఒక కారణం. రెండోది, ఒక అంచు కిందికీ, ఒక అంచు పైకీ పక్కపక్కనే దాటిపోవటం. అప్పుడు వక్కలో ఒక సగం రెండో సగం మీదుగా జారిపోతుంది. అలా జారకుండా ఓర్చుకొనే శక్తినే కోతబలం అంటారు.

పిల్లలూ, ఎముక సంగతీ ఇంతే! పెద్దవారి తొడ ఎముక గట్టి పెంకు, చదరపు సెంటీమీటరుకు సుమారు 1,900 కిలోల నొక్కుడును ఓర్చుకుంటుంది. లాగితే సుమారు 1,300 కిలోల దాకా ఆగుతుంది. కోతకు మాత్రం 700 కిలోలే!

ముంజేతిని బద్దలు కదలకుండా పట్టుకోగలవు. తొడ ఎముక మెడ దట్టమైన కండల లోపల ఉన్నది. అక్కడికి బద్ద పట్టు అందదు. పైగా విరిగిన గీత ఎంత నిటారుగా ఉంటే, ముక్కలు అంతగా జారతాయి. జర్మనీ డాక్టరు ఫ్రీడ్రిష్ పావెల్స్ 1935లో ఈ గీతలను వాలును బట్టి మూడు తరగతులు చేశాడు: 30 డిగ్రీల లోపు, 30 నుంచి 50, 50కి పైన. మూడో రకం అతకటం బహు కష్టం. అతుకు దగ్గర పుట్టే లేత కణజాలాన్ని ఆ జారుడు చింపేస్తుంది. మరలు రెండు ముక్కలనూ దగ్గరకు నొక్కి, జారకుండా ఆపుతాయి.

"అయితే నా కాలే నా ఎముకకు అడకత్తెర అయిందన్నమాట!" అని అవ్వ ఆపరేషనుకు ఒప్పుకున్నది. కొన్ని నెలలకు చేతికర్ర పట్టుకొని గుడికి నడిచింది.

ఈనాటి పరిశోధకులు కొత్త మరలనూ, పట్టీలనూ రోగికి వాడకముందే యంత్రాలలో బిగించి, ఎంత బలానికి జారిపోతాయో కొలిచి చూస్తారు.

ఎముక విరిగిందని అనుమానం వస్తే ముందు ఎక్స్‌రే తీయించాలి. ఎముక చర్మాన్ని చీల్చుకు వచ్చినా, కట్టు కింద వేళ్ళు చల్లబడినా, నీలంగా మారినా ఒక్క గడియ కూడా ఆగక ఆసుపత్రికి పోవాలి. ఈ మాట మీ ఇంట్లో అవ్వా తాతలకు కూడా చెప్పండి.