కొన్న వస్తువునకు తాళపుచెవి

మా పి.గన్నవరమున వైనతేయ నదిమీదుగా పంటకాలువ ప్రవహించును. 19వ శతాబ్ది మధ్యమున కట్టిన పాత అక్విడెక్టు కమానులను చూపి, నీరు నీటిని దాటు విధమును ఏటేట నా విద్యార్థులకు చెప్పుచుందును. ఎట్లు జరుగుచున్నదని అడిగిన బిడ్డకు సమాధానము చెప్పుటయే ఉపాధ్యాయధర్మమని నమ్మినవాడను. ఆ నమ్మిక యెంత గట్టిదో ఒక డీవీడీ నాకు తెలియజేసినది.

నాకడ నొక పాత ల్యాప్‌టాప్ గలదు. అందలి విండోస్ 10కు సాధారణ రక్షణసవరణలు 2025 అక్టోబరుతో ముగిసినవి. విండోస్ 11ను మోయుశక్తి ఆ యంత్రమునకు లేదు. పారవేయుటకు మనసొప్పక, లైనక్సుపై నడచు ఉబుంటును వేసికొంటిని. లైనక్సు 1991లో ఫిన్లాండు విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ ఆరంభించినది. దాని మూలరచనను ఎవరైనను చదువవచ్చును, దిద్దవచ్చును, పంచవచ్చును.

ఆ దినములలో మా తరగతిలో కన్యాశుల్కము చదివించుచుంటిని. 1892లో తొలిసారి రంగమెక్కిన గురజాడవారి నాటకమును 1955లో పి. పుల్లయ్యగారు చలనచిత్రముగా తీసిరి. దాని డీవీడీని పూర్వమెప్పుడో కొనియుంటిని. బడిలో పిల్లలకును వారి తలిదండ్రులకును చలనచిత్రము చూపుటకు మన కాపీరైటు చట్టపు 52వ సెక్షను అనుమతి నిచ్చుచున్నది. కావున ఒక శనివారము ల్యాప్‌టాప్‌ను బడికి గొనిపోయితిని. తెరపై బొమ్మ రాలేదు. పిల్లలు నిరాశతో ఇండ్లకు బోయిరి.

తప్పు ప్లేయరునందున్నదని తలచి, ఆ రాత్రి దానిని విడిచి ఎంప్లేయరును, పిదప వీఎల్‌సీని తెచ్చితిని. ఏదియు పలుకలేదు. ద్వారముకడ మనుష్యులను మార్చినంత మాత్రమున తాళము తెరచుకొనునా?

డీవీడీలు పెక్కింటిలో చిత్రము సీఎస్‌ఎస్ అను గూఢలిపితో బంధింపబడి యుండును. దాని చెవి 40 బిట్లది. రహస్యమును కాపాడుదుమని ఒడంబడిక వ్రాసి, అనుమతి పొందినవారికే అది లభించును. మూలరచనను నలుగురి యెదుట నుంచు లైనక్సువారు అట్టి రహస్యము నెట్లు దాచగలరు? 1999లో నార్వేలో జాన్ లెక్ యోహాన్సెన్ అను 15 ఏండ్ల బాలుడు, మరికొందరితో కూడి, ఆ బంధమును విప్పు డీసీఎస్‌ఎస్ అను సాధనమును వెలువరించెను. అతనిపై నేరము మోపబడినది. తాను న్యాయముగా కొన్నదానిని చూచుకొనుట నేరము కాదని 2003లో క్రింది న్యాయస్థానమును, పై న్యాయస్థానమును అతనిని విడిచిపెట్టినవి.

వీఎల్‌సీ 1996లో ఫ్రాన్సుదేశపు ఎకోల్ సెంట్రాల్ విద్యార్థుల పనిగా మొదలై, 2001లో స్వేచ్ఛానుమతితో వెలువడినది. గూఢలిపిని విప్పు లిబ్‌డీవీడీసీఎస్‌ఎస్ కూడ ఆ సంఘము వారిదే. కొన్నిదేశముల చట్టములకు వెరచి ఉబుంటు దానిని తనతో నీయదు. లిబ్‌డీవీడీ-పీకేజీ అను పొట్లమును స్థాపించి ఒక ఆజ్ఞ నిచ్చినచో, అది మూలరచనను దింపి మన యంత్రముననే కూర్చును. మన దేశమున 2012 నాటి సవరణచే వచ్చిన 65ఏ సెక్షను, హక్కులను భంగపరచు ఉద్దేశముతో తాళము విప్పువానినే శిక్షించును. నాకట్టి ఉద్దేశము లేదు. ఆజ్ఞ నిచ్చితిని. వీఎల్‌సీలో సావిత్రిగారు కనబడిరి.

సోమవారము తరగతిలో బొమ్మ పడగానే తొమ్మిదవ తరగతి బాలిక యొకతె లేచినది. “శనివారం ఆడలేదు కదండీ మాస్టారూ, ఇవాళ ఎలా ఆడిందండీ?”

“అది నీకెందుకమ్మా, బొమ్మ చూడు” అంటిని.

ఆమె తలవంచుకొని కూర్చుండెను. తెరపై ఒక పసిపిల్ల వివాహమును ఆ పిల్లకు చెప్పకయే పెద్దలు బేరమాడుచుండిరి. నాకిక చిత్రము రుచింపలేదు. ఆడుపిల్లకు చదువేల యని మన పూర్వులు పలికినదియు, నీకెందుకని నేను పలికినదియు ఒక్కమాటయే కదా! తాళమువేసిన వారిని రెండురాత్రులు తిట్టుకొన్న నేను, మూడవనాడు నా తాళము నేను వేసితిని.

మరునాడు ఆమెను పిలిచి, తప్పు నాదేయని చెప్పి, గూఢలిపి సంగతియు, నార్వే బాలుని సంగతియు వివరించితిని. ఆమె కొంతసేపు యోచించి, “మనం కొన్నదే గదండీ, తాళంచెవి వాళ్ల దగ్గరెందుకుందండీ?” అనెను. నేను చదివిన సంస్కృతమున గాని ఇంగ్లీషున గాని దానికి మంచి సమాధానము దొరకలేదు. దొంగప్రతులు తీయువారి భయముచేత అని చెప్పితిని. “తీసేవాళ్లు ఎలాగూ తీస్తున్నారు కదండీ” అనెను. పిదప, బడిలోని మరియొక కంప్యూటరుపై ఆ పొట్లమును ఆమెచేతనే స్థాపింపజేసితిని.

ఏ ప్లేయరు మంచిదని ఇప్పుడు మిత్రులడిగిన వీఎల్‌సీ యని చెప్పుదును. డీవీడీ మొదటనుండు పట్టికయు, ఉపశీర్షికలును అందు చక్కగా పనిచేయును. అంతకు మించిన కారణము మరియొకటి గలదు: మా అక్విడెక్టు కమానులవలె దాని నిర్మాణమును పిల్లలకు చూపవచ్చును. ఆ డీవీడీకి నేను ప్రతులు తీయలేదు, తీయుమని ఎవరికిని చెప్పను. కాని ఎట్లు తెరచుకొన్నదని అడిగిన బిడ్డను మాత్రము ఇక కూర్చుండుమనను.