అనకాపల్లి వఱకు

మేము దంపతుల మిరువురమును గడచిన సంక్రాంతికి సైకిళ్లమీద రాజమహేంద్రవరమునుండి శ్రీకూర్మమునకు బయలుదేరి, అనకాపల్లి వఱకు పోయి, రైలులో మరలివచ్చితిమి. ఈ సంగతి మా వీధిలో పలువిధములుగా చెప్పుకొనుచున్నారు గనుక జరిగినది మేమే వ్రాయుట మేలని తోచినది.

మావారు బడిలో భూగోళము చెప్పుదురు. పటములో వ్రేలు పెట్టి చూపించిన త్రోవను కాళ్లతో కొలువవలెనని వారి చిరకాలపు కోరిక. మేము సైకిలు నేర్చినది ముప్పదిమూడవ యేట, తెల్లవారుజామున, బడి మైదానములో. 1991-92 ప్రాంతమున తమిళదేశములోని పుదుక్కోట జిల్లాలో అక్షరాస్యతోద్యమముతోపాటు వేలకొలది పల్లెటూరి స్త్రీలు సైకిలు నేర్చిరని మావారు చెప్పగా, మా అత్తగారు విని, “వాళ్లకు పనులున్నాయి. దీనికేమున్నదిరా?” అనిరి. అన్నవారే మఱునాడు తమ పెట్టెలోనుండి మూడువేల రూపాయలు తీసి, మంచి సీటు వేయించుకొమ్మని మా చేతిలో పెట్టిరి.

మొత్తము త్రోవ సుమారు 300 కిలోమీటర్లు. తాబేటి నడకవారము గనుక కూర్మనాథుని దర్శనమే మాకు తగునని నవ్వుకొంటిమి. కనుమనాడు కాకియైనను కదలదందురు గదా! ముక్కనుమ వెళ్లనిచ్చి, పదేండ్ల అమ్మాయిని అత్తగారికి అప్పగించి బయలుదేరితిమి.

మొదటి దినము మంచులో రాజానగరము దాటుసరికి వ్రేళ్లు కొంకర్లు పోయెను. లారీ ప్రక్కనుండి పోవునపుడు ముందు గాలి మనలను త్రోసివేయును, వెనువెంటనే లోనికి లాగికొనును. ఆ రెండవదే ప్రమాదము. తెల్లగీతకు ఎడమవైపున చేతులు బిగింపక పోవలెనని మొదటి గంటలోనే తెలిసినది. జగ్గంపేటవద్ద తుమ్మముల్లు దిగి చక్రము పంక్చరయ్యెను. మావారు భూగోళమునందే గాని పంక్చరు వేయుటయందు ప్రవీణులు కారు. ఆ పని మేమే చేసితిమి. సాయంకాలమునకు అన్నవరము చేరి, విస్తరాకులోని వేడి ప్రసాదము తినుచు, క్రింద పంపానదిని చూచుచు కూర్చుంటిమి. అంతటి ఆకలి పెండ్లియైన తరువాత మఱి యెన్నడును ఎఱుగము.

రెండవనాడు తునివద్ద తాండవ దాటి, పాయకరావుపేట, నక్కపల్లి మీదుగా ఎలమంచిలి చేరితిమి. ఆ రాత్రి యెనిమిది గంటలకు ఇంటికి ఫోను చేయగా అత్తగారే పలికిరి. భోజనమయినదా, కాళ్లకు నూనె రాచుకొన్నారా యని అడిగి, “అమ్మాయి నిద్రపోయింది, ఉంటాను” అని పెట్టివేసిరి. ఆ గొంతులోని తేడా మేము కనిపెట్టలేకపోతిమి.

మూడవనాటి యుదయము అనకాపల్లి చేరి, చేరువనున్న శంకరములో బొజ్జన్నకొండ యెక్కితిమి. ప్రక్కదాని పేరు లింగాలకొండ. అక్కడ రాతిలో తొలిచిన బౌద్ధస్తూపములను జనులు శివలింగములనుకొనుటచే ఆ పేరు వచ్చినదని మావారు చెప్పుచుండగా ఫోను మ్రోగినది. మా అమ్మాయి.

“అమ్మా, మామ్మ నిన్న సాయంత్రం స్నానాల గదిలో పడిపోయింది. నీతో చెప్పవద్దని ఒట్టు పెట్టించుకుంది. రాత్రంతా మూలుగుతూనే ఉంది. ఇప్పుడు ఒక కాలు పొట్టిదయిపోయిందమ్మా!”

కాలు కుఱుచయై పాదము బయటికి తిరిగినచో తుంటియెముక విఱిగినదన్నమాట. మా తండ్రిగారి మేనత్తకు అట్లే జరుగగా చూచియుంటిమి. లేవనెత్తవద్దనియు, నిలువబెట్టవద్దనియు అమ్మాయికి చెప్పి, ప్రక్కింటివారిచేత 108 వాహనమును పిలిపించితిమి. కొండ దిగునపుడు మా యిరువురిలో నెవ్వరును మాటాడలేదు.

సైకిళ్లను ఊరిలోని ఒక బెల్లము కొట్టులో విడిచితిమి. ఆ కొట్టు యజమాని మమ్ము ఎఱుగడు. మా ముఖములు చూచి, “ముందు బండెక్కండమ్మా, ఇవెక్కడికీ పోవు” అనెను.

భారతమున బాహుకుడు రథము తోలునపుడు ఋతుపర్ణుని ఉత్తరీయము జాఱినది. ఆపుమనునంతలో అది ఆమడ వెనుకబడినది. రైలులో మాకు ఆ కథయే తలపునకు వచ్చినది. మూడు దినములు త్రొక్కిన ఎలమంచిలి, తుని, అన్నవరము మూడు గంటలలో వెనుకకు పోయినవి. అయినను ఆ బండి చాల నెమ్మదిగా పోవుచున్నదని ఏడ్చితిమి.

ఇట్టి విఱుపునకు రెండు దినములలోపల శస్త్రచికిత్స చేసి, వెనువెంటనే కూర్చుండబెట్టి నడిపింపవలెననియు, మంచమునకు అంటుకొనిపోయినచో ఊపిరితిత్తులలో నెమ్ము చేరి, ఒడలు పుండ్లు పడుననియు వైద్యుడు చెప్పెను. మఱునాడే చికిత్స జరిగినది. దాని మఱునాడు నడకచట్రము పట్టించి నాలుగడుగులు వేయించిరి. అత్తగారు నొప్పితో పండ్లు బిగించిరే గాని అరవలేదు.

ఆమెపై మాకు కోపము వచ్చినది, దాచనేల? “ఎందుకు చెప్పలేదు?” అని అడిగితిమి. “చెపితే ఆ చీకట్లో మీరు ఆ లారీల మధ్య తొక్కుకుంటూ వచ్చేస్తారని” అనిరి. చీకటిలో సైకిలుపై ఎవ్వరును రారని, రైళ్లున్నవని ఆమెకు తోచలేదు. పదేండ్ల పిల్లచేత ఒట్టు పెట్టించుకొనుట తప్పని మాత్రము ఇప్పటికిని ఒప్పుకొనరు.

కోడలు ఊళ్లు తిరుగుటచేతనే ఇట్లు జరిగినదని వీధిలోని వారందురు. మేము ఇంటనున్నను పడెడివారేమో. కాని రాత్రియంతయు ఆ పసిబిడ్డ ఒక్కతె ప్రక్కన కూర్చుండెడిది కాదు. ఆ మాట వీధివారు అనకున్నను మాకు నిద్రలో వినబడుచునే యున్నది.

నెల తరువాత మావారు పోయి సైకిళ్లను రైలులో వేయించి తెచ్చిరి. కొట్టు యజమాని అద్దె పుచ్చుకొనలేదు సరిగదా, ఒక బెల్లపుదిమ్మ కూడ కట్టియిచ్చెను. దానితో పరమాన్నము వండి అత్తగారి మంచమువద్దకు తీసికొనిపోతిమి. రెండు చెంచాలు తిని, “అనకాపల్లినుంచి సింహాచలం ఎంత దూరమే?” అని అడిగిరి. మావారు పటము తెచ్చుటకు లేచిరి.