దువ్వ కాడ

17 నవంబర్ 2023, సుబియా ఎడారి, కువైట్
గుడారాలు లేచినాయి. మగోళ్లకొకటి, ఆడోళ్లకొకటి, వంటకొకటి. జనరేటర్ అవతల పనోళ్లం, నాకూ బెంగాలీకీ ఒకటి. గదికో ఏసీ ఉన్న ఇల్లిడిసి ఇసకలో పండుకునేదానికి మురిసిపోతాండారు. మా నాయన చెనిక్కాయ చేనికాడ కావిలి పండుకుంటే దాన్ని ఎవురూ క్యాంపింగ్ అనలేదు.
జులైకి అకామా, ఈడ ఉండే పర్మిట్టు, అయిపోతాది. ఇదే ఆఖరు చలి. వచ్చేస్తానని ఊర్లో ఇంటికి చెప్పేసినా.

24 నవంబర్
శుక్రవారం. చుట్టాలంతా దిగినారు. మజ్బూస్ వండినా. లూమీకి, అదే ఎండునిమ్మకాయకి, బొక్క పెట్టకపోతే పులుపు దిగదు, ఎక్కువ పెడితే చేదు. మాంసం తీసేసి ఆ నీళ్లలోనే బియ్యం. గాలి మంటనంతా ఒక పక్కకే తోస్తాది, గుండిగ తిప్పుతానే ఉండాల. అందరూ తిన్నాక నాకు ఆకలే లేదు. పొగతోనే కడుపు నిండింది.

17 డిసెంబర్
నిన్న అమీర్ షేక్ నవాఫ్ పోయినాడు. పాటల్లేవు. పక్క క్యాంపుల్లోనూ లేవు. ఇంటి పెద్దాయన ఒక్కడే దువ్వ కాడ, నిప్పుల కుంపటి కాడ. గావా, వాళ్ల కాఫీ, పోసినా. చాలని ఫింజాన్ కప్పు ఊపలా. ఇంకోటి. ఇంకోటి. కూర్చోమన్నాడు. కూర్చున్నా. ఇద్దరం ఏమీ మాట్లాడలా.

14 జనవరి 2024
భోగి. పాప ఫోన్లో మంట చూసి, "నాయనా, పిక్నిక్ పోయినావా?" అనింది. ఊ అన్నా. ఈడ దినామూ భోగే.

20 జనవరి
అందరూ పండుకున్నాక పక్క క్యాంపు డ్రైవరన్న రాగిపిండి తెచ్చినాడు. రాజంపేటాయన. మిగిలిన నిప్పుల మీద సంగటి. గెలికేదానికి కట్టె లేదు, గుడారం గుంజే దిక్కు. కడిగినాంలే. చెనిక్కాయలు దువ్వలో వేంచి, ఎల్లిపాయేసి, గావా దంచేదాంట్లోనే ఊరుబిండి. పెద్దాయనకు రేపు వాసనొస్తే? బెంగాలీ ముద్దను చూసి బొగ్గా అన్నాడు. మళ్లా ఇంకో ముద్ద అడిగినాడు.
వాళ్లమ్మ పోయినప్పుడు అన్నకు సెలవియ్యలేదంట. ఊరుబిండి అద్దుకుంటా చెప్పినాడు. ఏమనాల?

26 ఫిబ్రవరి
విమోచన దినం. జెండాలు, హారన్లు, పిల్లోళ్ల బగ్గీలు. పెద్దాయన 1991 చెప్పినాడు. నూనె బావులు తగలబడి పట్టపగలే చీకటంట. అంత మంట చూసినాయన ఈ దువ్వకు చేతులు కాచుకుంటా ఉండాడు. మా మామ 1990లో ఇరాకోళ్లు వచ్చినప్పుడు అమ్మాన్ మీదుగా విమానంలో కట్టుబట్టల్తో ఇల్లు చేరినాడని చెప్పినా.
"మళ్లీ వచ్చినాడా?"
రాలేదు, నేనొచ్చినా అన్నా. నవ్వినాడు. చానాసేపు నవ్వినాడు.

9 మార్చి
గుడారాలు పీకినాం. బూడిదంతా గోతాలకెత్తినాం. రెండు మూడు దినాల్లో రంజాన్ ఒక్కపొద్దులు. తెల్లారుజామున తినే సహూర్‌కు ఏమేం చెయ్యాల్నో ఇంటామె, మామా, అప్పుడే చెప్పేసింది. ఇంక గ్యాసు పొయ్యి, మెట్ల కింద గది.
మిగిలిన రాగిపిండి బెంగాలీ తీసుకున్నాడు. ఎట్ల గెలుకుతాడో!
అకామా మళ్లా కొట్టియ్యాల్నా అని ఇంటి యజమాని, బాబా, అడిగినాడు. ఊ అనేసినా. ఇంటికి ఫోన్ చేసి ఎట్ల చెప్పేది?