తాత చెయ్యి, చెరువు అడుగున సీసం

ఇది ముగ్గురం కలిసి రాస్తున్నం. ఒకరిది జనగామ దిక్కు తండా, ఒకరిది మహబూబాబాద్ దిక్కు, ఒకరిది భూపాలపల్లి జిల్లా గణపురం చెరువు దగ్గరి ఊరు. హాస్టల్‌ల ఒకే రూం కాబట్టి ఒకరి ఇంటి సంగతి ముగ్గురికీ తెలుస్తది.

దసరా సెలవులకు గణపురం దిక్కు పోయినం. ఇంటర్ చదివే తమ్ముడు ఫోన్‌ల అమెరికావాళ్ళ వీడియోలు చూసి, పాత తుపాకులకు బాతుల వేట తూటాలు ఇంట్లనే సేఫ్‌గా ఎట్ల నింపుకోవచ్చో తాతకు చెప్తున్నడు. తాత ఏమీ అనలేదు. కుడి చెయ్యి ముందుకు చాపిండు. రెండు వేళ్ళు లేవు.

చిన్నప్పటి నుంచి చూస్తున్న చెయ్యే, కథ మాత్రం ఆ రోజే విన్నం. అది భర్మారు తుపాకి. మందు కొలత అంటే అరచేతి అంచనానే. ఒకనాడు పేలలేదని, లోపల ఉన్నది తియ్యకుండనే మళ్ళీ నింపిండట. రెండూ ఒక్కసారే పేలి గొట్టం చీలింది. ఆ తుపాకి అప్పుడే పోయింది, వేళ్ళతో పాటు.

తమ్ముని వీడియోలు మేమూ కూసొని చూసినం. అక్కడ మందును త్రాసు మీద తూస్తరు, అచ్చైన పట్టికలో ఉన్నదానికి రవ్వంత కూడా మార్చరు. అయినా ఇంత తిప్పలు ఎందుకంటే, 1991 నుంచి అమెరికా అంతటా నీటి పక్షుల వేటకు సీసపు గుండ్లు నిషేధం. బదులుగా వచ్చిన స్టీలు గుండ్లు గట్టివి, పాత గొట్టాలను చెడగొడతయి. అందుకే పాత తుపాకులున్నోళ్ళు మెత్తగా ఉండే బిస్మత్ గుండ్లు వెతుక్కుంటరు, ధర ఎక్కువైనా.

సీసం ఏం చేసింది? బాతుకు పళ్ళు లేవు. కందనకాయల గింజ నలగడానికి చిన్న రాళ్ళు మింగుతది. గురి తప్పిన గుండ్లు చెరువు అడుగున రాళ్ళలెక్కనే కనబడతయి. లోపల అవి అరిగి సీసం రక్తంలకు పోతది. రెక్కలు వాలి, తిండి దిగక చస్తది. అంటే తాత గురి తప్పినా పక్షి బతికినట్టు కాదు.

మన దగ్గర వేటే నేరం. 1972 వన్యప్రాణి చట్టం ఉండంగనే, 1991 సవరణతో లైసెన్సు వేట కూడా పోయింది. మనకు భూమి హక్కు ఇచ్చిన 2006 అటవీ హక్కుల చట్టం కూడా వేట హక్కును బయటనే పెట్టింది. దొరలు సరదాకు కాల్చిన లెక్క ఎవరూ అడగలేదన్న కోపం మాకూ ఉంది. కానీ తమ్ముని చేతికి పది వేళ్ళున్నయి. వీడియోలు తీసేయించినం.

అప్పుడు అటక మీద విసురు వల కనబడ్డది. దాని అంచుకు అన్నీ సీసపు గుండ్లే. నాయిన పాత బ్యాటరీల సీసాన్ని అన్నం వండే పొయ్యి మీదనే కరిగించి పోస్తడు, చిన్నపిల్లలు చుట్టూ కూసొని చూస్తరు. ఆ పొగ, ఆ బూడిద పిల్లల మెదడుకు విషం. బ్రిటన్‌లో హంసలు చస్తున్నయని 1987లనే గాలానికి కట్టే చిన్న సీసపు గుండ్లు ఆపేసిన్రు.

నాయినకు చెప్తే, "ఇనుప గుండ్లు తుప్పు పడతయి బిడ్డా, వల చినుగుతది" అన్నడు. అదీ నిజమే. ఇప్పటికి పొయ్యి మాత్రం ఇంటి నుంచి దూరం జరిపించినం, పిల్లలను దగ్గరికి రానియ్యద్దన్నం. మీ ఊళ్ళల్ల వలకు సీసం కాకుండ ఇంకేం కడుతున్నరో తెలిసినోళ్ళు చెప్పండి, సంక్రాంతికి పోయినప్పుడు నాయినకు చూపెడతం.