పేరు మనది, తాళంచెవి ఎవరిది?

'కొనుక్కున్నాను' అనే మాటకి మన ఇళ్ళల్లో ఒక స్పష్టమైన అర్థం ఉండేది. డబ్బులిచ్చి తెచ్చుకున్న వస్తువు మనది. వాడుకోవచ్చు, దాచుకోవచ్చు, పక్కింటావిడకి ఇవ్వొచ్చు, అక్కర్లేదనుకుంటే పాతసామాన్లవాడికి వేసెయ్యొచ్చు. పోయేముందు ఫలానావాళ్ళకి ఇవ్వండని చెప్పి పోవచ్చు. ఈ అర్థం కొన్నేళ్ళుగా మన చేతుల్లోంచి చడీచప్పుడూ లేకుండా జారిపోతోంది. దీని గురించి కంప్యూటర్లు తెలిసినవాళ్ళు చాలానే రాశారు. స్త్రీలుగా మనం మాట్లాడాల్సింది కూడా ఉందని నాకనిపిస్తుంది. ఎందుకంటే పేరు మనదీ పెత్తనం మరొకరిదీ అయిన ఆస్తి మనకి కొత్త కాదు.

నేను పనిచేసేది తెలుగు స్త్రీల పత్రికల మీద. మా ఏలూరులోనే 1902లో సత్తిరాజు సీతారామయ్య 'హిందూ సుందరి' మొదలుపెట్టారు. భండారు అచ్చమాంబ 'ధనత్రయోదశి' కథ ఆ ఏడాదే అందులో వచ్చింది. అలాంటి పాత సంచికలు ఈనాడు నాలాంటివాళ్ళ చేతికి అందుతున్నాయంటే, వాటిని ఎవరో కొని ట్రంకుపెట్టెలో దాచారు, వాళ్ళ తర్వాతివాళ్ళు ఏ గ్రంథాలయానికో ఇచ్చారు. ఇవ్వడానికి ఎవరి అనుమతీ అడగనక్కర్లేకపోయింది.

మా అమ్మమ్మ పెద్దగా చదువుకోలేదు. 1970ల్లో వారపత్రికల్లోంచి సీరియల్ కాగితాలు వారం వారం చించి, వరసలో పెట్టి, బైండింగు చేయించేది. పవర్‌పేటలో మా వీధి ఆడవాళ్ళందరికీ అదే లైబ్రరీ. ఎవరు ఏది తీసుకెళ్ళారో పాలలెక్క రాసే పుస్తకం వెనక పేజీల్లో రాసుకునేది. మామగారికి తెలియకుండా వంటింట్లో చదివినవాళ్ళున్నారు, చదివి తిరిగి ఇవ్వనివాళ్ళూ ఉన్నారు. ఆ బైండు పుస్తకాలు ఇప్పుడు నా దగ్గరున్నాయి. వాటిల్లో ఏ పేజీ మధ్య ఎవరి తలవెంట్రుక దొరుకుతుందో చెప్పలేను గానీ, అవి నావి.

నా తరం దగ్గరికి వద్దాం. ఒక యాప్‌లో నాలుగైదేళ్ళలో ముప్పైకి పైగా పుస్తకాలు కొన్నాను. అన్నీ డబ్బు కట్టే కొన్నాను. ఒకరోజు ఆ కంపెనీ దుకాణం మూసేసింది. నెలరోజుల ముందు ఒక మెయిలు పంపింది. ఆ తర్వాత పుస్తకాలు తెరుచుకోలేదు. పేజీల పక్కన నేను రాసుకున్న నోట్సు కూడా వాటితోనే పోయింది. ఫోను చేసి అడిగితే ఆ అబ్బాయి చాలా మర్యాదగా, "మేడమ్, మీరు కొన్నది పుస్తకం కాదండి, చదువుకునే లైసెన్సు" అన్నాడు.

ఇది నా ఒక్కదానికి జరిగిన వింత కాదు. 2009 జూలైలో అమెజాన్ కంపెనీ, తమ కిండిల్‌లో జనం కొనుక్కున్న జార్జ్ ఆర్వెల్ '1984'నీ 'ఏనిమల్ ఫామ్'నీ వాళ్ళ పరికరాల్లోంచి దూరం నుంచే తీసేసింది. అమ్మినవాళ్ళకి హక్కులు లేవన్నది కారణం. డబ్బు తిరిగిచ్చింది. నిఘా గురించి రాసిన నవలనే అలా మాయం చెయ్యడం చూసి అప్పుడు లోకమంతా నవ్వుకుంది. 2019లో మైక్రోసాఫ్ట్ ఈ-పుస్తకాల అమ్మకం ఆపేసినప్పుడు పాఠకులు అప్పటికే కొన్నవి కూడా చదవడానికి లేకుండా పోయాయి. అక్కడా డబ్బు తిరిగిచ్చారు. కానీ డబ్బు తిరిగిచ్చేస్తామని ఇంట్లోకొచ్చి అలమరలో పుస్తకాలు ఎత్తుకుపోతే దాన్ని మనం ఏమంటాం? కాలిఫోర్నియా రాష్ట్రంలో 2025 జనవరి 1 నుంచి, లైసెన్సు మాత్రమే ఇస్తూ 'కొనండి' అని రాస్తే ఆ సంగతి కొనేవాళ్ళకి స్పష్టంగా చెప్పాలని చట్టం వచ్చింది. అబద్ధాన్ని ఆపలేదు గానీ, అబద్ధమని ఒప్పించారు.

ఆ లైసెన్సు షరతులు మొత్తం ఒకసారి కూర్చుని చదివాను. బతికున్నంతకాలం అనుభవించొచ్చు. అమ్మకూడదు. ఇంకొకరికి ఇవ్వకూడదు. వీలునామా రాయకూడదు. ఈ వాక్యాలు ఎక్కడో చదివినట్టే అనిపించింది. ఎక్కడో కాదు, హిందూ వితంతువు ఆస్తి గురించిన పాత తీర్పుల్లో.

వద్దెబోయిన తులసమ్మ కేసు న్యాయశాస్త్రం చదివినవాళ్ళందరికీ తెలుసు, సాహిత్యం చదివినవాళ్ళలో తెలిసినవాళ్ళు తక్కువ. ఆమె భర్త 1931లో చనిపోయాడు. ఆస్తి ఉమ్మడిలో ఉండిపోయింది. 1944లో, కోర్టు ఫీజు కట్టుకునే స్తోమత లేదని చెప్పుకుని, మనోవర్తి కోసం భర్త సవతి సోదరుడు శేషారెడ్డి మీద నెల్లూరు మునసబు కోర్టుకి వెళ్ళింది. 1949లో రాజీ కుదిరింది. కొంత ఆస్తి ఆమెకిచ్చారు. బతికున్నంతకాలం అనుభవించాలి, అమ్మే హక్కు లేదు, ఆమె పోయాక తిరిగి వాళ్ళకే చేరాలి. ఆమె 1960లో కొంత కౌలుకిచ్చింది, 1961లో కొంత అమ్మింది. వెంటనే దావా పడింది. కింద ఒక కోర్టు కాదంది, ఒక కోర్టు అవునంది, హైకోర్టు మళ్ళీ కాదంది. చివరికి 1977 మార్చిలో సుప్రీంకోర్టు, 1956 హిందూ వారసత్వ చట్టం 14వ సెక్షను ప్రకారం ఆ ఆస్తికి ఆమె సంపూర్ణ యజమానురాలని తేల్చింది. మనోవర్తి ఆమెకి ముందునుంచీ ఉన్న హక్కు, ఆ హక్కుకి బదులుగా వచ్చింది కాబట్టి రాజీపత్రంలో ఏం రాసుకున్నా ఆ షరతులు నిలబడవంది.

పొలానికీ పుస్తకానికీ పోలికేమిటి, అది తిండి కదా అనొచ్చు. నిజమే, బరువులో పోలిక లేదు. ఏర్పాటులో పోలిక ఉంది. 'అనుభవించు, కానీ నీది కాదు' అనే ఏర్పాటుని రద్దు చేయించుకోవడానికి మన ముందు తరాల స్త్రీలు అంత కాలం కోర్టుల చుట్టూ తిరిగారు. దాన్నే ఇప్పుడు మనం 'అంగీకరిస్తున్నాను' అనే గడిలో టిక్కు పెట్టి రోజుకి నాలుగుసార్లు ఒప్పుకుంటున్నాం.

తమాషా ఏమిటంటే, 1957 కాపీరైటు చట్టంలో కూడా ఈ సంగతి ఉన్నది 14వ సెక్షనులోనే. ఒకసారి అమ్ముడై చలామణిలోకి వచ్చిన పుస్తకం ప్రతిని కొన్నవాళ్ళు మళ్ళీ అమ్ముకోవడానికీ చేబదులివ్వడానికీ ఆ సెక్షను అడ్డు రాదు. అమ్మమ్మ బైండు పుస్తకాలు వీధంతా తిరిగినా ఏ రచయిత్రికీ అన్యాయం జరగలేదు. అలా తిరగబట్టే ఆనాటి నవలా రచయిత్రులకి ఊరూరా పాఠకులు పుట్టారు. ఈ-పుస్తకం మీద వేసిన డిజిటల్ తాళం ఆ వెసులుబాటుని తీసేసింది. చట్టం తియ్యలేదు, తాళం తీసేసింది.

2012లో చట్టాన్ని సవరించి 65-ఎ సెక్షను చేర్చారు. కాపీరైటుని అతిక్రమించే ఉద్దేశంతో అలాంటి తాళం పగలగొడితే రెండేళ్ళదాకా జైలు, జరిమానా. చట్టం నిషేధించని పని కోసం తీస్తే నేరం కాదని కూడా అదే సెక్షను చెబుతుంది. బాగానే ఉంది. కానీ నాకు తాళం తియ్యడం రాదు. వచ్చినవాళ్ళ సాయం తీసుకుంటే, నా పేరు, చిరునామా, ఏ పనికోసం తీయించుకున్నానో అన్నీ వాళ్ళు రికార్డు రాసి ఉంచాలి. ఏం చదువుతున్నామో ఎవరికీ తెలియకుండా చదువుకోగలగడం ఆడవాళ్ళకి ఎంత అవసరమో వంటింట్లో దాక్కుని చదివినవాళ్ళ మనవరాళ్ళకి చెప్పనక్కర్లేదు.

ఈ పేజీలు చదివేవాళ్ళలో రచయిత్రులు చాలామంది. "మా పుస్తకాల పీడీఎఫ్‌లు వాట్సాప్‌లో తిరుగుతున్నాయి, మాకు రూపాయి రాదు, నువ్వేమో తాళాలొద్దంటున్నావు" అని నా స్నేహితురాలే దెబ్బలాడింది. ఆమె కోపంలో న్యాయముంది. రాసే స్త్రీకి రాయల్టీ అనేది దయ కాదు, కూలి. ఊరికే పంచిపెట్టమని నేననడం లేదు. కానీ తిరుగుతున్న ఆ పీడీఎఫ్‌లు చూడండి, చాలావరకు అచ్చు పుస్తకాన్ని ఫోనుతో ఫోటోలు తీసినవే. ఏ డిజిటల్ తాళమూ వాటినాపదు. అది ఆపేది డబ్బు కట్టి కొన్న పాఠకురాలిని, ఆమె తన చెల్లెలికి ఇద్దామనుకున్నప్పుడు. ఇక రాయల్టీ లెక్కలు సరిగ్గా చూపించని ప్రచురణకర్త సంగతి ఆ తాళం అసలే పట్టించుకోదు.

ఈ తాళం పుస్తకాల దగ్గర ఆగిపోతే ఇది మన చదువరుల గొడవగానే మిగిలేది. ఆగలేదు. పోయిన ఏడాది స్త్రీల పాటల కోసం ఆకివీడు దాటి కొల్లేటి లంక గ్రామాల్లో తిరిగాను. ఒక ఇంట్లో నలభై ఏళ్ళావిడ రొయ్యల షెడ్డుకి పనికెళుతుంది. వాళ్ళమ్మ పాడిన పాటలు తన ఫోనులో ఉన్నాయంది. తల్లి అప్పటికి చనిపోయింది. ఫోను చూపించింది. తెర మీద వాయిదా కట్టమనే నోటీసు తప్ప ఇంకేమీ లేదు. ఫోను వాయిదాల మీద తీసుకుంది. రెండు వాయిదాలు తప్పింది. అప్పిచ్చిన కంపెనీ దాన్ని ఎక్కడి నుంచో బిగించేసింది. పనికి వ్యాను ఎప్పుడొస్తుందో కబురు అందులోనే, గ్యాసు బుకింగు అందులోనే, ఆధార్ ఓటీపీ అందులోనే. "కట్టిన ఎనిమిది వాయిదాలూ ఏమైపోయినట్టండీ మేడమ్‌గారూ? ఎనిమిది నెలల ఫోనైనా నాది కాదా అండీ?" అంది. చివరికి వడ్డీకి తెచ్చి కట్టాక పాటలు దొరికాయి.

ఈ పద్ధతిని ఆపమని 2024లో రిజర్వు బ్యాంకు చెప్పిందనీ, ముందే ఒప్పుకున్నవాళ్ళ విషయంలో మళ్ళీ అనుమతించే ఆలోచనలో ఉందనీ 2025లో వార్తలొచ్చాయి. ముందే ఒప్పుకోవడమంటే ఏమిటో రాజీపత్రాలు చూసినవాళ్ళకి తెలుసు. తులసమ్మ కూడా ఒప్పుకునే సంతకం పెట్టింది. పెట్టకపోతే తిండి లేదు.

కొల్లేటి జనానికి ఈ ఏర్పాటు ఇంకోరకంగా కూడా పరిచయమే. 1970ల్లో ప్రభుత్వం సహకార సంఘాలు పెట్టి, అక్కడి పేదలకి చేపల చెరువులిచ్చింది. కాగితాల మీద పేర్లు సభ్యులవి. పోనుపోను చాలా చెరువులు బయటి పెట్టుబడిదారుల లీజుల్లోకి పోయాయి. 2006లో అభయారణ్యం హద్దుల్లో ఉన్నాయని చెరువుల గట్లు కొట్టేసినప్పుడు బతుకుతెరువు పోయినవాళ్ళలో ఆ పేర్లవాళ్ళూ ఉన్నారు. "మా మావగారి పేరు సంగంలో ఉండేదండి. గట్టెక్కితే కాపలావోడు అదిలించేవోడు" అని ఆవిడే చెప్పింది.

కంపెనీ తాళానికి ముందు ఇంటి తాళం ఒకటుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడిన స్త్రీలు 21 శాతం, పురుషులు 48.8 శాతం. ఫోను ఎవరి చేతిలో ఉంటుందో, లాక్ నంబరు ఎవరికి తెలిసి తీరాలో ఈ అంకెల్లో కనిపించదు. తాడేపల్లిగూడెంలో నా దగ్గర చదివే అమ్మాయి ఒకతె తన హాస్టల్లో సాయంత్రం ఆరింటికి ఫోన్లు తీసేసుకుంటారంది. అబ్బాయిల హాస్టల్లో ఈ నియమం లేదట. ఆమెకి ఫహీమా షిరీన్ గురించి చెప్పాను. కేరళలో కోజికోడ్ జిల్లా విద్యార్థిని. సాయంత్రం ఆరు నుంచి పదిదాకా ఫోను అప్పజెప్పాలన్న నియమానికి ఒప్పుకోనందుకు హాస్టల్లోంచి పంపేస్తే హైకోర్టుకి వెళ్ళింది. 2019 సెప్టెంబరులో జస్టిస్ పి.వి. ఆశ, ఇంటర్నెట్ అందుబాటు చదువుకునే హక్కులోనూ గోప్యత హక్కులోనూ భాగమని తీర్పిచ్చి ఆమెని తిరిగి చేర్చుకోమన్నారు. మా అమ్మాయి తీర్పు ప్రతి అడిగింది. ప్రింటు తీసిచ్చాను, ఫోనులో పంపితే ఆరు తర్వాత చదవలేదు కనక.

మూడో తాళం ప్రభుత్వానిది. 2022 మే 24న కోనసీమ జిల్లాకి అంబేద్కర్ పేరు పెట్టడాన్ని వ్యతిరేకిస్తూ అమలాపురంలో విధ్వంసం జరిగింది. ఇంటర్నెట్ ఆపేశారు. దళితుల మీద ద్వేషం ఫోన్లలో పాకుతుంటే ఆపొద్దా అని అడిగినవాళ్ళున్నారు. ఆ ప్రశ్న తేలిగ్గా కొట్టిపారేసేది కాదు. కానీ రోజుల తరబడి ఆపినప్పుడు దాడి చేసినవాడి ఫోనుతోపాటు, దాడికి భయపడిన పేటలో ఆడవాళ్ళ ఫోను కూడా మూగబోతుంది. కాశ్మీరులో ఇంటర్నెట్ నిలిపివేత మీద పత్రికా సంపాదకురాలు అనూరాధా భాసిన్ వేసిన కేసులో 2020 జనవరి 10న సుప్రీంకోర్టు రెండు మాటలు చెప్పింది. నిరవధికంగా ఆపకూడదు. ఆపే ఉత్తర్వు జనానికి కనపడేలా ప్రచురించాలి. తాళం వేసినవాళ్ళు ఎందుకు వేశారో, ఎన్నాళ్ళు వేశారో రాసి గోడకి అంటించాలన్నమాట. అప్పుడే దాన్ని ప్రశ్నించడానికి వీలుంటుంది.

కంపెనీనీ ఇంటినీ ప్రభుత్వాన్నీ ఒకే గాటన కట్టేస్తున్నానా? వాటి బలం ఒకటి కాదు, ఉద్దేశాలూ ఒకటి కావు. కానీ మూడుచోట్లా వస్తువు మన పేరున ఉంటుంది, బిల్లు మనం కడతాం, తాళంచెవి మాత్రం మనకి కనపడని చోట ఉంటుంది.

మనం చెయ్యగలిగినవి కొన్ని ఉన్నాయి. రచయిత్రులు ఈ-పుస్తకం ఒప్పందం మీద సంతకం పెట్టేముందు, కొన్న పాఠకురాలు ఆ ప్రతిని ఇంకొకరికి ఇవ్వగలదా, దుకాణం మూసేస్తే ఆమె దగ్గర ఏం మిగులుతుందో రాయమని అడగొచ్చు. మన పత్రికలూ మన ప్రచురణ సంస్థలూ తాళం లేని ప్రతుల్ని సరైన ధరకి అమ్మి, రాయల్టీ లెక్క బయట పెట్టొచ్చు. ఆడపిల్లల హాస్టళ్ళ నియమాలు అబ్బాయిల నియమాల పక్కన పెట్టి చూపించమని కాలేజీల్లో పనిచేసే మనమే అడగాలి. డ్వాక్రా సంఘాల సమావేశాల్లో ఫోను వాయిదాల కాగితం తెలుగులో చదివి వినిపించడానికి నలుగురం కూర్చుంటే చాలు. ఆకివీడు వైపు ఆ పని వచ్చే నెల మొదలుపెడుతున్నాం. న్యాయశాస్త్రం తెలిసిన స్నేహితురాళ్ళు ఇద్దరు కావాలి.