సగం నుయ్యి

మా నుయ్యి సగమే మాది. రెండో సగం పక్కింటి మావయ్యగారిది. విజయనగరంలో అయ్యకోనేరుకి దగ్గర్లో ఉన్న మా వీధిలో అలాంటి నూతులు మూడో నాలుగో ఉండేవి. రెండు పెరళ్ళ నడుమ నుయ్యి తవ్వి, పైన అడ్డంగా దూలం వేసి, దూలం మీద ప్రహరీగోడ లేపేవారు. గోడకి ఇటో గిలక, అటో గిలక. అవతల నీళ్ళు తోడే మనిషి కనపడదు గాని, వంగి చూస్తే నీళ్ళలో రెండిళ్ళ వాళ్ళ మొహాలూ పక్కపక్కనే ఉండేవి.

గోడ మీంచి కేకేస్తే వీధిలో నలుగురికీ వినపడుతుందని అమ్మా, అత్తయ్యగారూ నూతిలోకి వంగి మాట్లాడుకునేవారు. "వదినా, ఆవపిండి ఉందేటి? పనసపొట్టు కొట్టీసి కూర్చున్నాను" అని అటునుంచి. నుయ్యి ఆ మాటని రెండింతలు చేసి ఊరికి వినిపించేదనుకోండి, అది వేరే సంగతి.

ఏటా రోహిణీకార్తెలో నాన్న చేంతాడుకి ఒక ముడి వేసేవారు. ఆ ఏడు నీళ్ళు ఎంత లోతుకి దిగాయో దానికి గుర్తు. మామూలు ఏడైతే నాలుగు బారలు, వానలు ముఖం చాటేసిన ఏడు ఐదు. తాడు పాతబడి మార్చినా పాత ముడులు కొలిచి కొత్త తాడుకి వేసేవారు. మా ఇంట్లో డైరీ రాసే అలవాటు ఎవరికీ లేదు. ఆ తాడే డైరీ.

దసరా వెళ్ళిన మంగళవారం పైడితల్లి సిరిమానోత్సవం. చుట్టాలు దిగేవారు. మా ఇంట్లో చోటు చాలకపోతే పక్కింటి మండువాలో చాపలు పరిచేవాళ్ళం. తెల్లారకముందే రెండు గిలకలూ ఒకటే కీచుమని మోగేవి. దాదాపు 60 అడుగుల చింతమాను, దాని కొసన కూర్చున్న పూజారి, మూడు లాంతర్ల దగ్గర గుడి నుంచి కోట దాకా మూడుసార్లు ఊరేగింపు. ప్రపంచంలో అన్నింటికన్నా ఎత్తైనది సిరిమానేనని మా పిల్లలందరి నమ్మకం.

1979 జూన్ 1న విజయనగరం జిల్లా అయ్యేనాటికి నాకు పదేళ్ళు. ఆఫీసులొచ్చాయి, ఉద్యోగులొచ్చారు, వీధి అరుగుల గదులు అద్దె గదులయ్యాయి. ఆ తర్వాత కుళాయిలు, బోర్లు, మోటార్లు. మావయ్యగారూ అత్తయ్యగారూ పోయాక పిల్లలు ఆ ఇంటిని సగం సగం వాటాకి డెవలప్‌మెంటుకి ఇచ్చేశారు. వద్దనడానికి నేనెవర్ని? నా కొడుకు బెంగుళూరులో పదకొండో అంతస్తులో ఉంటున్నాడు. పెంకులు దించిన రోజు మాత్రం ఇంట్లో ఉండలేక బొంకులదిబ్బ దాకా నడిచివెళ్ళి వచ్చాను.

కింద పార్కింగు, పైన ఐదంతస్తులట. 2017 నాటి భవన నిబంధనల్లో 18 మీటర్లు తాకితే ఎత్తైన భవనాల లెక్కలోకి వచ్చి షరతులు బిగిసేవి. అందుకని చాలామంది దానికి కాస్త లోపలే ఆగిపోయేవారు. 18 మీటర్లంటే 59 అడుగులు. అంటే మా వంటింటి కిటికీకి ఎదురుగా సిరిమానుని తెచ్చి నిలబెట్టినట్టే, ఇది మాత్రం కోటకీ వెళ్ళదు, వెనక్కీ రాదు.

ఎత్తుతో నాకు పేచీ లేదు. పునాది గోతులు గోడని ఆనుకుని తవ్వారు. ఊట ఉబికి వస్తోందని మోటారు పెట్టి రాత్రీ పగలూ తోడి కాలవలోకి వదిలేస్తున్నారు. దూలం దగ్గర గోడ పగిలింది. పగులుకి రెండు కొసలా పెన్సిలుతో గీత గీసి తేదీ వేశాను. పదిహేను రోజుల్లో అది గీత దాటి జానెడు పాకింది. ప్లానులో చూపించినంత ఖాళీ వదులుతారా అని అడిగితే, తేడా ఉంటే తర్వాత బీపీఎస్ వస్తుంది కదా అన్నాడు సూపర్‌వైజరు. కుర్రాడి ధీమా ఊరికే రాలేదు. అనుమతి తప్పి కట్టినవాటిని జరిమానాతో క్రమబద్ధం చేసే ఆ పథకం 2007 చివర్లో ఒకసారి, 2015లో, 2019లో వచ్చింది. డబ్బు కడితే తప్పు సర్దుకుంటుందని ఇన్నిసార్లు చెప్పాక ఖాళీ వదిలేవాడు వెర్రివాడిలాగే కనిపిస్తాడు.

"సగం నుయ్యి ఏటి చేసుకుంటారు మాస్టారూ? పూడ్చీద్దాం. స్లాబు ఏసీస్తే మీ కారు కూడా పెట్టీసుకోవచ్చు" అన్నాడు.

నాకు కారు లేదు. సగం నుయ్యి పూడ్చడం ఎలాగో కూడా నాకు తెలీదు, వాళ్ళ వైపు మట్టి పోస్తే మా వైపు నీళ్ళు ఆగుతాయా? నేనడిగింది ఒక్కటే, డాబా మీద పడిన వాననీటికి గొట్టం పెట్టి నూతిలోకి వదలమని. వాననీరు నేలలోకి ఇంకాలని కూడా కదా 2002లో నీరు, భూమి, చెట్ల చట్టం, అదే వాల్టా, తెచ్చింది. "చూద్దాం మాస్టారూ" అన్నాడు.

నిన్న పొద్దున్న మా గిలక మీద చేద వేశాను. నాన్న వేసిన చివరి ముడి, ఐదు బారలది, నీళ్ళకి తగలకుండానే చేతుల్లోంచి జారిపోయింది. ఇంకో రెండు బారలు వదిలితే గాని చేద మునగలేదు. రోహిణి ఇంకా రాలేదు.